సీటు ఇచ్చిన చేయి, గడువు పెట్టిన చేయి

2024 సెప్టెంబరు 30వ తేదీన, అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక చిన్న మొత్తం గురించి ఒక పెద్ద ఉత్తర్వు జారీ చేసింది. మొత్తం 17,500 రూపాయలు. ఉత్తర్వు మాత్రం రాజ్యాంగంలోని 142వ అధికరణం క్రింద ఇచ్చినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత యువకుడు, దినకూలీ చేసుకునే తండ్రి కుమారుడు, ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో నెగ్గి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు సంపాదించుకున్నాడు. ఆ సీటును నిలుపుకోవాలంటే జూన్ 24వ తేదీ సాయంత్రం 5 గంటల లోపు రుసుము చెల్లించాలి. వ్యవధి నాలుగు రోజులు. తండ్రి అప్పు కోసం తిరిగి తిరిగి డబ్బు సమకూర్చుకునే వేళకు గడువుకు కొద్ది నిమిషాలే మిగిలినవి. కంప్యూటరులో వివరాలు నింపుతుండగానే అయిదు గంటలయింది; ద్వారం మూసుకున్నది. ఆ పరీక్షకు రెండు పర్యాయాలకు మించి కూర్చునే వీలు లేదు. అతనికి అది రెండవ పర్యాయం.

అక్కడి నుండి ఆ కుర్రవాడు తిరగని గడప లేదు. షెడ్యూల్డు కులాల జాతీయ కమిషన్‌ను ఆశ్రయించాడు. జార్ఖండ్‌లోని న్యాయ సేవల సంస్థకు మొరపెట్టుకున్నాడు. ఆ యేడు పరీక్ష నిర్వహించినది మద్రాసు ఐ.ఐ.టి. కనుక మద్రాసు హైకోర్టుకు వెళ్ళాడు. చివరకు ఢిల్లీ చేరాడు. ప్రతిభ గల యువకుని ఇలా చేజార్చుకోలేమని న్యాయమూర్తులు భావించి, ఎవరి సీటుకూ భంగం కలుగకుండా అదనంగా ఒక సీటు కల్పించి అతనిని చేర్చుకోవలసిందిగా ఆదేశించారు. గడువు దాటిన మూడు నెలలకు న్యాయం జరిగింది.

ఆ ఉత్తర్వును చదివినప్పుడు సంతోషం కలిగినమాట నిజం. కాని సంతోషం వెనుకనే ఒక అశాంతి కూడా కలిగింది. 142వ అధికరణం సంపూర్ణ న్యాయం కోసం సుప్రీంకోర్టుకు రాజ్యాంగం ఒసగిన అసాధారణ అధికారం. భోపాల్ విషవాయు దుర్ఘటనకు సంబంధించిన 1989 నాటి ఒప్పందంలోను, 2019 నాటి అయోధ్య తీర్పులోను వినియోగమైనది ఈ అధికారమే. అటువంటి అస్త్రాన్ని 17,500 రూపాయల రుసుము కోసం తీయవలసి వచ్చినదంటే లోపం ఆ కుటుంబంలో లేదు, విధానంలో ఉన్నది. పైగా ఇది మొదటిసారి కూడా కాదు. 2021 నవంబరు 22వ తేదీన బొంబాయి ఐ.ఐ.టి.లో సీటు పొంది, సాంకేతిక అవరోధం వల్ల సకాలంలో రుసుము చెల్లించలేకపోయిన మరొక దళిత విద్యార్థి కోసం కూడా అదే న్యాయస్థానం అదే అధికరణాన్ని ఉపయోగించింది. మూడేళ్ళు తిరగకుండా అదే రోగం, అదే వైద్యం. రోగకారణం మాత్రం అలాగే ఉన్నది.

సుప్రీంకోర్టు తలుపు తట్టగలిగిన ఇద్దరి సంగతి మనకు తెలిసింది. తట్టలేనివారు ఎందరో లెక్క చెప్పే దస్తావేజు ఏదీ లేదు. గడువు దాటిన మరునాడు కూలిపనికో, ఊరికి దగ్గరలోని కళాశాలకో వెళ్ళిపోయిన విద్యార్థి ఏ గణాంకంలోనూ కనిపించడు. సీటు తిరస్కరించినవాడుగా, లేదా రానివాడుగా మాత్రమే అతని పేరు ప్రక్కన గుర్తు పడుతుంది.

ఉన్నత విద్యాసంస్థలలో ప్రవేశాల న్యాయాన్ని గురించి మన దేశంలో జరిగినంత చర్చ బహుశా మరే దేశంలోనూ జరిగి ఉండదు. ఆ చర్చ స్వతంత్ర భారతంతో పాటే పుట్టింది. నాటి మద్రాసు రాష్ట్రంలో, అంటే మన ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న రాష్ట్రంలో, వైద్య, ఇంజనీరింగు కళాశాలల సీట్లను కులాలవారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వును 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొద్ది వారాలలోనే పార్లమెంటు రాజ్యాంగానికి తొలి సవరణ చేసి 15వ అధికరణానికి నాలుగవ క్లాజును జోడించింది. అంటే మన రాజ్యాంగం సవరణకు గురికావడానికి గల తొలి కారణాలలో కళాశాల సీటు ఒకటి. తరువాత 2005లో 93వ సవరణ వచ్చింది. కేంద్ర విద్యాసంస్థలలో వెనుకబడిన తరగతులకు 27 శాతం సీట్లు కేటాయించే బిల్లును 2006 డిసెంబరులో ఉభయ సభలూ ఆమోదించాయి. 2008 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2019లో 103వ సవరణ ద్వారా ఆర్థికంగా బలహీనులైన ఇతర వర్గాలకు 10 శాతం వచ్చింది. 2022 నవంబరులో ముగ్గురు ఇద్దరుగా చీలిన ధర్మాసనం దానిని కూడా నిలబెట్టింది.

2006 నాటి ఆ శీతకాలపు సమావేశాలను పత్రికా ప్రతినిధుల గ్యాలరీ నుండి చూచినవారిలో నేనూ ఒకడిని. సభ లోపలా వెలుపలా ఆనాడు మారుమ్రోగినవి శాతాలు. ఎవరికి ఎన్ని, ఎప్పటి నుండి, సంపన్న శ్రేణిని మినహాయించాలా వద్దా. అవి అవసరమైన ప్రశ్నలే. వాటిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ ప్రశ్నలన్నీ పట్టికలో పేరు ఎక్కేవరకు సంబంధించినవి. పేరు ఎక్కిన తరువాత ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడూ ఇప్పుడూ మూలనే ఉండిపోయినది. సీటు ఇచ్చే చేయి ఒకటి, గడువు పెట్టే చేయి మరొకటి, ఉపకార వేతనం పంపే చేయి వేరొకటి. ఈ మూడు చేతులకూ పరస్పరం పరిచయం లేకపోవడమే మన ప్రవేశ విధానంలోని అసలు అన్యాయం.

ఈ అన్యాయం నిన్న మొన్నటిది కాదు. రాజ్యాంగ రచనకు సారథ్యం వహించిన డాక్టర్ అంబేద్కర్ జీవితమే ఇందుకు సాక్ష్యం. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ మంజూరు చేసిన ఉపకార వేతనంతో, నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళ వ్యవధితో, ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడి నుండి లండన్ చేరి చదువు సాగిస్తుండగా ఉపకార వేతనం గడువు ముగియడంతో 1917లో సగం చదువుతో స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న సొమ్ముతోను, కొల్హాపూర్ సాహూ మహారాజు వంటివారి తోడ్పాటుతోను 1920లో మాత్రమే మళ్ళీ లండన్ చేరగలిగారు. అంతటి మేధావికి మూడేళ్ళ కాలం హరించినది ప్రతిభలోని కొరత కాదు. డబ్బు ఆగిపోయిన తేదీ. దళిత విద్యార్థులకు ప్రభుత్వ ఉపకార వేతనం 1944లో ఆరంభం కావడానికి ఆయన చేసిన కృషి వెనుక ఈ అనుభవం ఉన్నదనుకోవడంలో తప్పులేదు.

1944లో మొదలైన ఆ పథకమే నేటికీ దేశంలో షెడ్యూల్డు కులాల విద్యార్థుల ఉన్నత విద్యకు పెద్ద ఆధారం. దాని ఇటీవలి చరిత్రను చూద్దాం. పంచవర్ష ప్రణాళికల కాలంలో అమలులో ఉన్న సూత్రం ప్రకారం, రాష్ట్రాల కట్టుబాటు వ్యయంగా నిర్ణయమైన మొత్తానికి పైబడిన ఖర్చును మాత్రమే కేంద్రం భరించేది. 2017లో పన్నెండవ ప్రణాళిక ముగిసేసరికి ఆ కట్టుబాటు వ్యయం ఎంతగా పెరిగిపోయినదంటే భారంలో అత్యధిక భాగం రాష్ట్రాల నెత్తిన పడింది. 2017-18 నుండి 2019-20 వరకు కేంద్రం ఇచ్చినది ఏడాదికి సుమారు 1,100 కోట్ల రూపాయలు మాత్రమే. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పద్ధతిని మార్చి, అయిదేళ్ళకు 59,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రాలది. ఇది హర్షించదగిన మార్పు. కాని ఇందులో కూడా ఒక మెలిక ఉన్నది. ముందుగా రాష్ట్రం తన వాటాను విద్యార్థి ఖాతాలో జమ చేయాలి. ఆ తరువాతనే కేంద్రం వాటా వస్తుంది. రాష్ట్ర ఖజానా ఒక నెల ఆలస్యం చేస్తే కేంద్రం సొమ్ము కూడా వెనుకబడుతుంది. ఇరువురి మధ్య నలిగిపోయేది విద్యార్థి.

పేదరికానికి మన ప్రభుత్వం ఇచ్చిన నిర్వచనాలు కూడా విచిత్రమైనవి. ఈ ఉపకార వేతనం పొందడానికి దళిత కుటుంబం వార్షికాదాయం రెండున్నర లక్షలకు మించరాదు. 2013-14లో పెట్టిన ఈ పరిమితి ధరలు ఎంత పెరిగినా దశాబ్దానికి పైగా అదే స్థాయిలో కొనసాగింది. కాగా 10 శాతం కోటా కోసం ఆర్థికంగా బలహీనులను గుర్తించే పరిమితి ఎనిమిది లక్షల రూపాయలు. ఏడు లక్షల ఆదాయం గల కుటుంబం సీటు విషయంలో పేద కుటుంబమే. మూడు లక్షల ఆదాయం గల దళిత కుటుంబం ఉపకార వేతనం విషయంలో సంపన్న కుటుంబం! రెండు నిబంధనలూ ఒకే ఢిల్లీలో తయారైనవి. వాటిని ఎదురెదురుగా కూర్చోబెట్టి సమాధానం చెప్పమని అడిగేవారు కావాలి.

ఐ.ఐ.టి.ల విషయంలో న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. 2016లో వార్షిక బోధన రుసుమును 90,000 నుండి రెండు లక్షల రూపాయలకు పెంచినప్పుడు, షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు, వికలాంగులకు, లక్ష రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలకు పూర్తి మినహాయింపు ఇచ్చారు. లక్ష నుండి అయిదు లక్షల వరకు ఆదాయం గలవారికి మూడింట రెండు వంతుల మినహాయింపు ఉన్నది. విధానంలో ఉదారత లేదని ఎవరూ అనలేరు. కాని ధన్‌బాద్ సీటు పొందిన కుర్రవాడు కూడా ఈ పూర్తి మినహాయింపునకు అర్హుడే! చదువుకు రుసుము లేనివాడు చదువులో చేరడానికి 17,500 రూపాయలు లేక సీటు పోగొట్టుకున్నాడు. ఇంటి లోపల అన్నదానం ఉన్నది, గుమ్మం దగ్గర మాత్రం సుంకం వసూలవుతున్నది.

గుమ్మం దాటినవారి పరిస్థితి ఏమిటి? 2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ లోక్‌సభకు ఇచ్చిన సమాధానంలోని అంకెలను నేను నా పుస్తకంలో వ్రాసి పెట్టుకున్నాను. అంతకు ముందరి అయిదేళ్ళలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎం.ల నుండి చదువు మానివేసిన షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల విద్యార్థులు 13,626 మంది. వీరిలో కేంద్ర విశ్వవిద్యాలయాలకు చెందినవారు 9,642 మంది, ఐ.ఐ.టి.ల వారు 3,542 మంది, ఐ.ఐ.ఎం.ల వారు 442 మంది. విద్యార్థులకు నేడు అనేక అవకాశాలు ఉన్నవనీ, ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మారుతుంటారనీ ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కాని ఎందరు మెరుగైన చోటికి వెళ్ళారు, ఎందరు ఇంటి ముఖం పట్టారు అన్న విభజన లేనిదే ఆ వివరణ వివరణ కాజాలదు.

తెలుగువారికి ఈ విషయంలో చేదు జ్ఞాపకాలు ఉన్నవి. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన ఆఖరి లేఖలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్ సొమ్ము, లక్షా డెబ్బది అయిదు వేల రూపాయలు రావలసి ఉన్నదని వ్రాశాడు. 2020 నవంబరులో, ఢిల్లీలోని పేరుమోసిన ఒక కళాశాలలో చదువుతున్న తెలంగాణ బిడ్డ ఒకరు ఆర్థిక ఇబ్బందులతో అర్ధాయుష్కురాలైంది. ఆమెకు రావలసిన ఉపకార వేతనం నెలల తరబడి అందలేదని ఆనాడు పత్రికలలో వచ్చింది. ఒక మరణానికి ఒకే కారణం ఉంటుందని చెప్పడం సాహసం. కాని మంజూరైన సొమ్ము చేతికి రాకపోవడం ఈ రెండు విషాదాలలోనూ ఉన్నదని మరువలేము.

రాజధానిలో ఈ ప్రశ్న వీధికెక్కిన సందర్భం కూడా ఉన్నది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ప్రవేశాలలో వెనుకబడిన జిల్లాల నుండి వచ్చినవారికి అదనపు మార్కులు కలిపే పద్ధతి ఎంతోకాలంగా ప్రసిద్ధమైనది. 1983లో దానిని తొలగించారు, పదేళ్ళ తరువాత విద్యార్థుల పోరాటంతో తిరిగి ప్రవేశపెట్టారు. ఈ పద్ధతి ఫలితంగానే ఆ విశ్వవిద్యాలయానికి మారుమూల ప్రాంతాల బీద విద్యార్థులు చేరగలిగారు. 2017-18 వార్షిక నివేదిక ప్రకారం అక్కడి విద్యార్థులలో సుమారు 40 శాతం మంది నెలకు 12,000 రూపాయల లోపు ఆదాయం గల కుటుంబాలవారు. అటువంటి చోట 2019లో వసతి గృహం రుసుములను పెంచడంతో, నవంబరు 18న, పార్లమెంటు శీతకాలపు సమావేశాలు ప్రారంభమైన రోజుననే, విద్యార్థులు సభాభవనం వైపు ఊరేగింపుగా బయలుదేరారు. పోలీసులు వారిని మార్గమధ్యంలో నిలిపివేశారు. ప్రవేశంలో ఇచ్చిన మార్కులను వసతి గృహం బిల్లులో తిరిగి రాబట్టుకోవడమేమిటన్నదే ఆ విద్యార్థుల ప్రశ్న. ఆ ప్రశ్న సబబైనదే.

ఇక ప్రైవేటు విద్యాసంస్థల విషయంలో తెలుగునేల చరిత్ర దేశానికే పాఠం. క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ 1983లోనే మన శాసనసభ చట్టం చేసింది. అయినా 1992లో ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల వ్యవహారంలో హైకోర్టు తీర్పు దరిమిలా ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. మరుసటి యేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి నిర్దేశించింది. సగం సీట్లు ప్రతిభ ప్రాతిపదికన ఉచితంగా, తక్కిన సగం అధిక రుసుముతో. రెండవవారు చెల్లించే సొమ్ముతో మొదటివారు చదువుకోవాలన్నది భావన. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని రద్దు చేస్తూ చేసిన పరిశీలన గమనించదగినది. మంచి పాఠశాలలలో చదివిన పట్టణ సంపన్నుల పిల్లలు ఉచిత సీట్లు దక్కించుకోగా, గ్రామీణ బీద పిల్లలు అప్పు చేసి డబ్బు సీట్లలో చేరవలసి వచ్చిందట! అంటే ఉన్నవాని చదువుకు లేనివాడు చందా ఇచ్చాడన్నమాట. ప్రతిభను కొలిచే త్రాసు ఒక చోట, స్తోమతును కొలిచే త్రాసు మరొక చోట ఉంటే ఫలితం ఇలాగే ఉంటుంది.

దరిమిలా 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన రుసుముల చెల్లింపు పథకం లక్షలాది పేద కుటుంబాలకు ఇంజనీరింగు కళాశాల తలుపులు తెరిచింది. దాని మేలును కాదనలేము. కాని పార్టీలు మారినా పాలకులు మారినా బకాయిల కథ మాత్రం మారలేదు. ప్రభుత్వం సొమ్ము పంపదు, కళాశాల ధ్రువపత్రాలు ఇవ్వదు, పై చదువు ప్రవేశానికి గడువు ఆగదు. 2025 నవంబరులో తెలంగాణలో బకాయిల కోసం యాజమాన్యాలు కళాశాలలనే మూసివేసే వరకు వచ్చింది. హక్కుగా ఇచ్చినది బాకీగా మారినప్పుడు ఆ బాకీకి జామీను విద్యార్థి పట్టా.

ఈ కథలో మరొక అంకం ఇటీవలిది. 93వ సవరణ ప్రైవేటు సంస్థలలో కూడా రిజర్వేషన్లకు వీలు కల్పించింది. 2014లో సుప్రీంకోర్టు ఔనన్నది. చట్టం మాత్రం పార్లమెంటు చేయలేదు. 2025 ఆగస్టులో దిగ్విజయ్ సింగ్ అధ్యక్షతలోని పార్లమెంటరీ స్థాయీ సంఘం, పేరొందిన ప్రైవేటు సంస్థలలో షెడ్యూల్డు కులాల విద్యార్థులు గాని, తెగల విద్యార్థులు గాని ఒక్క శాతం కూడా లేరని ఎత్తిచూపి, చట్టం చేయవలసిందిగా సిఫారసు చేసింది. సిఫారసు మంచిదే. కాని ఏడాదికి లక్షల రూపాయల రుసుము గల సంస్థలో సీటు కేటాయించి, రుసుము సంగతి చెప్పకపోతే అది ఖాళీ కుర్చీని కేటాయించడమే అవుతుంది. రుసుము భారాన్ని ప్రభుత్వం భరించాలన్న మాట కూడా చట్టంలోనే ఉండాలి. మరోవైపు, అదే తరహా సంస్థలలో ప్రవాస భారతీయుల పేరిట 15 శాతం వరకు సీట్లను 2005 నాటి తీర్పు అనుమతించింది. మేనమామలకు, పినతండ్రులకు కూడా ఆ కోటాను వర్తింపజేయబూనిన పంజాబ్ ప్రభుత్వ ప్రయత్నాన్ని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మోసంగా అభివర్ణించి తిరస్కరించింది. డబ్బుకు సీటు ఇచ్చినప్పుడు ప్రతిభకు అన్యాయం జరిగిందని వీధులకెక్కిన ఉద్యమం నాకు గుర్తులేదు.

కేంద్రం దృష్టిలో దీనికి పరిష్కారం ఋణం. 2024 నవంబరులో ఆమోదం పొందిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం క్రింద అగ్రశ్రేణి సంస్థలలో చేరేవారికి హామీ లేకుండా అప్పు దొరుకుతుంది. ఎనిమిది లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు పది లక్షల వరకు అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. మధ్యతరగతికి ఇది ఉపకరిస్తుంది. కాని అప్పు సహాయం కాదు. వాయిదా వేసిన రుసుము మాత్రమే. 17,500 రూపాయల కోసం ఊరంతా తిరిగిన తండ్రికి పది లక్షల ఋణపత్రం చూపించి ఇదిగో సమానావకాశం అనడం ఆయనను ఓదార్చడం కాదు.

మన పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్ళే అమెరికాలో కూడా ఈ సమస్య తీరలేదు. అభ్యర్థి స్తోమతును చూడకుండా ప్రవేశం కల్పిస్తామని చెప్పుకునే సంపన్న విశ్వవిద్యాలయాలు, తామిచ్చే ఆర్థిక సహాయం విషయంలో పరస్పరం కుమ్మక్కయ్యాయన్న అభియోగంపై 2022లో అక్కడ వ్యాజ్యం దాఖలయింది. పలు సంస్థలు తప్పు అంగీకరించకుండానే కోట్లాది డాలర్లు చెల్లించి రాజీపడినవి. అయితే అక్కడి మంచి సంస్థల నుండి ఒక పద్ధతిని మనం గ్రహించవచ్చు. సీటు ఇస్తున్నామన్న లేఖతో పాటే ఎంత సహాయం లభిస్తుందో కూడా తెలియజేస్తారు. సీటు, సాయం ఒకే కవరులో వస్తవి. మన దగ్గర సీటు జూన్‌లో వస్తే సాయం ఎప్పుడు వస్తుందో పంచాంగం చూచి చెప్పవలసిందే.

గడువులను సమర్థించేవారి వాదన కూడా వినాలి. లక్షలాది అభ్యర్థులు, పరిమితమైన సీట్లు, ఒకదాని వెంట ఒకటిగా జరిగే విడతలు. ఒక్కరి కోసం ఆగితే వెనుక వరుసలో ఉన్నవారికి అన్యాయం. రుసుము పెట్టకపోతే చేరే ఉద్దేశం లేనివారు కూడా సీట్లు పట్టుకు కూర్చుంటారు. ఈ వాదనలో బలం లేకపోలేదు. గడువు ఉండాలి. కాని గడువు లోపల అభ్యర్థి చూపవలసినది చేరే సంకల్పాన్నే గాని, జేబులోని సొమ్మును కాదు. బీద విద్యార్థి సంతకాన్ని సంకల్పంగా స్వీకరించి, సొమ్మును ప్రభుత్వం ముందుగా చెల్లించి, తరువాత ఉపకార వేతనం నుండి సర్దుబాటు చేసుకుంటే పోయేదేమీ లేదు. ఇదేమీ ఊహాలోకపు మాట కాదు. 2020లో తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయించినప్పుడు, ప్రైవేటు కళాశాలల రుసుము కట్టలేక కొందరు సీట్లు వదులుకున్నారు. అప్పుడు ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపకార వేతనం మంజూరయ్యేవరకు వేచి ఉండకుండా, ప్రత్యేక నిధి నుండి బోధన, వసతి రుసుములను నేరుగా కళాశాలలకు చెల్లించే ఏర్పాటు చేసింది. చెన్నపట్నంలో సాధ్యమైనది ఢిల్లీలో అసాధ్యం కానేరదు.

కావలసినవి పెద్ద సంస్కరణలు కావు. కేంద్ర ఉపకార వేతనాలకు అర్హులైనవారి నుండి సీటు నిలుపుదల రుసుము వసూలు చేయరాదు. అర్హతను ప్రవేశ పరీక్ష దరఖాస్తు నాడే నిర్ధారించాలి. ఉపకార వేతనం చేతికి అందేవరకు విద్యార్థి పేరును గాని, గదిని గాని, ధ్రువపత్రాన్ని గాని ఏ సంస్థా ఆపరాదు. ఆలస్యానికి వడ్డీ చెల్లించవలసివస్తే అది ఖజానా చెల్లించాలి. ఆదాయ పరిమితులు రెండింటినీ ఒకే త్రాసులో తూచాలి.

వీటిని సాధించడానికి మన రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు పార్టీల తేడా అక్కరలేదు. ప్రశ్నోత్తరాల సమయంలో ఇంతకాలం అడుగుతూ వచ్చినది ఎంతమందికి, ఎన్ని కోట్లు అని. ఇక మీదట ఏ తేదీన అని అడగాలి. ఫలానా విద్యా సంవత్సరంలో ప్రవేశానికి చివరి తేదీ ఏది, ఉపకార వేతనం విద్యార్థి ఖాతాలో పడిన తేదీ ఏది, ఈ రెండింటి మధ్య ఎన్ని రోజులు, ఆ రోజులలో ఎన్ని సీట్లు చేతులు మారినవి. నాలుగు ముక్కల ప్రశ్న. మంత్రివర్యులు లిఖితపూర్వకంగా సమాధానం ఇస్తే, మన అగ్రశ్రేణి విద్యాసంస్థల ప్రవేశాలలో న్యాయం ఎంతో ఆ అంకెలే చెబుతాయి.